లెక్క ఎవరికి చెబుతున్నట్టు?

(విశాఖపట్నం ద్వారకానగర్‌లో విద్యార్థులు, కార్మికులు, పరిశ్రమల అధికారుల ఎదుట చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

సభకు నమస్కారం.

కింగ్ జార్జి ఆసుపత్రిలో, అంటే మనం కేజీహెచ్ అని పిలుచుకునే పెద్దాసుపత్రిలో, సీఎస్ఆర్ బ్లాక్ అనే భవనం ఒకటి ఉంది. 2020లో కోవిడ్ రోగులను అక్కడ చేర్చుకున్న రోజుల్లో ఆ పేరు పత్రికల్లో తరచుగా కనబడేది. శ్రీకాకుళం నుంచో పాడేరు నుంచో రోగిని వెంటబెట్టుకుని వచ్చిన బంధువు గేటు దగ్గర దారి అడిగితే "సీఎస్ఆర్ బ్లాకుకు పోండి" అని చెప్పేవారు. ఆ మూడక్షరాలకు అర్థమేమిటో చెప్పేవారికీ తెలియనక్కరలేదు, వినేవారికీ తెలియనక్కరలేదు. మంచాలు, ఆక్సిజన్ ఉన్న చోటు అని తెలిస్తే చాలు. కంపెనీలు సామాజిక బాధ్యత (కార్పొరేట్ సోషల్ రెస్పాన్సిబిలిటీ, సీఎస్ఆర్) కింద ఇచ్చిన డబ్బుతో కట్టినది కనుక ఆ భవనానికి ఆ పేరు స్థిరపడింది. అక్కడ ఎందరి ప్రాణాలో నిలిచాయి కాబట్టి దానిని నేను చిన్నబుచ్చబోవడం లేదు. అయితే బాధ్యత అనే మాట మన ఊళ్లో ఒక కట్టడానికి పేరుగా మిగిలిపోవడం గురించి కొంతసేపు మాట్లాడాలనే ఈ సాయంత్రం మీ ముందుకు వచ్చాను.

ముందుగా ప్రపంచీకరణ సంగతి. 1991 జులైలో మన తెలుగువాడు పి.వి. నరసింహారావు ప్రధానిగా, మన్మోహన్ సింగ్ ఆర్థికమంత్రిగా తలుపులు తెరిచారనీ, అప్పటినుంచే ప్రపంచం మన వాకిట్లోకి వచ్చిందనీ పాఠ్యపుస్తకాలు రాస్తాయి. విశాఖ తీరానికి ఈ లెక్క సరిపోదు. తొట్లకొండ బౌద్ధారామం తవ్వకాల్లో రోమన్ నాణేలు దొరికాయి. భీమిలిలో డచ్చివారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. 1933 అక్టోబర్ 7న ఓడరేవు తెరిచిన నాటినుంచి మన కొండల్లోని ఖనిజం పరదేశాల కొలుములకు పోతూనే ఉంది. ఇచ్చిపుచ్చుకోవడం మనకు కొత్త కాదు. 1991 తరవాత మారినదల్లా నిర్ణయం జరిగే చోటు. సరుకు ఇక్కడే తయారవుతుంది, పొగ ఇక్కడే వదులుతారు, కూలీ ఇక్కడే పుడతాడు. ఎంత తయారు చేయాలి, ఎప్పుడు ఆపాలి, ఏ ఖర్చు తగ్గించాలి అనే మాట మాత్రం మనం ఎన్నడూ చూడని ఊళ్లో, మనకు రాని భాషలో జరుగుతుంది. ఆ నిర్ణయం ఫలితాన్ని అనుభవించే మనిషికి, నిర్ణయం తీసుకునే మనిషికి మధ్య దూరం ఎంత పెరిగితే బాధ్యత అంత పలచబడుతుందని నా అభిప్రాయం.

ఈ దూరం మన గోపాలపట్నం దగ్గరే ఎలా పెరిగిందో చూడండి. ఆర్.ఆర్. వెంకటాపురంలో 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ అనే పేరుతో ఒక కర్మాగారం మొదలైంది. 1978లో అది మద్యం వ్యాపారంలో పేరున్న ఒక దేశీయ సంస్థలో కలిసింది. 1997లో దక్షిణ కొరియాకు చెందిన ఎల్‌జీ కెమ్ దానిని కొనుక్కుని ఎల్‌జీ పాలిమర్స్‌గా పేరు మార్చింది. యజమానులు మారినప్పుడల్లా గేటు మీద బోర్డు మారింది. గోడ అవతల ఇళ్లు మాత్రం ఏటేటా పెరుగుతూ గోడ దాకా వచ్చేశాయి. 2020 మే 7న, లాక్‌డౌన్ రోజుల్లో, తెల్లవారుజామున ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే రసాయనం ఉన్న ట్యాంకు వేడెక్కి ఆవిరి బయటికి వచ్చింది. అప్పటి అధికారిక లెక్క ప్రకారం 12 మంది చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. ఇళ్లలో నుంచి పరుగెత్తుతూ రోడ్డు మీద పడిపోయిన మనుషులను, పశువులను ఆ ఉదయం టీవీల్లో మీరూ చూశారు. ప్రమాద సమయంలో సైరన్ మోగించలేదని తరవాత రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ తేల్చింది. సైరన్‌కు పెద్ద ఖర్చు కాదు. ఊరికి చెప్పాలి అనే తలంపు ఒకటి ఉండాలి, అంతే.

ప్రమాదం జరిగిన మరునాడు జాతీయ హరిత ట్రిబ్యునల్ 50 కోట్ల రూపాయలు మధ్యంతరంగా జమచేయమని ఆ సంస్థను ఆదేశించింది. ఆ వారమంతా నా పాత విద్యార్థులు కొందరు ఫోన్ చేసి, "సార్, ఆ 50 కోట్లను సీఎస్ఆర్ కింద చూపించుకోవచ్చా?" అని అడిగారు. కూడదు. అలా అడగాలని తోచడమే మనం ఎక్కడికి వచ్చామో చెబుతుంది. నష్టం చేసినవాడు ఇచ్చేది పరిహారం, అది అప్పు తీర్చడం వంటిది. దానికి దండలు వేయరు. 1984 డిసెంబర్‌లో భోపాల్ జరిగింది. ఏడాది తరవాత ఢిల్లీలో ఒక ఎరువుల కర్మాగారం నుంచి ఓలియం వాయువు లీకైంది. ఆ కేసులో 1986 డిసెంబర్‌లో జస్టిస్ పి.ఎన్. భగవతి నాయకత్వంలోని రాజ్యాంగ ధర్మాసనం, ప్రమాదకరమైన వ్యాపారం చేసేవారికి సంపూర్ణ బాధ్యత ఉంటుందనీ, జాగ్రత్త తీసుకున్నామని చెప్పి తప్పుకోవడానికి వీల్లేదనీ, సంస్థ ఎంత పెద్దదైతే పరిహారం అంత పెద్దదిగా ఉండాలనీ తీర్పు చెప్పింది. బాధ్యత అనే మాటకు మన న్యాయవ్యవస్థ ఇచ్చిన మొదటి బలమైన అర్థం ఇదీ. సీఎస్ఆర్ చట్టం వచ్చింది మరో 27 ఏళ్లకు.

ఆ చట్టం గురించి ఇక్కడున్న బీకామ్ విద్యార్థులకు తెలుసు కనుక త్వరగా చెప్పి ముందుకు వెళతాను. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లు గానీ, టర్నోవర్ 1,000 కోట్లు గానీ, నికర లాభం 5 కోట్లు గానీ దాటిన కంపెనీ, అంతకు ముందు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతాన్ని ఆ చట్టం ఏడవ షెడ్యూలులో ఉన్న పనులకు ఖర్చు చేయాలి. చదువు, వైద్యం, తాగునీరు, పర్యావరణం వంటివన్నీ ఆ షెడ్యూలులో ఉన్నాయి. మొదట్లో ఖర్చు చేయలేకపోతే కారణం రాస్తే సరిపోయేది. 2021 జనవరిలో నిబంధనలు బిగించిన తరవాత, మిగిలిన సొమ్మును ప్రత్యేక ఖాతాకో, షెడ్యూలులోని నిధికో తరలించక తప్పదు, లేకపోతే జరిమానా. ప్రపంచంలో ఇలా లాభంలో వాటాను చట్టబద్ధంగా సమాజానికి కేటాయించమన్న దేశాలు అరుదు, ఆ మాటకు మనం గర్వపడవచ్చు. అదే సెక్షన్‌లో ఇంకొక వాక్యం ఉంది: సంస్థ పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని. ఆ వాక్యం సూచన మాత్రమే, తప్పనిసరి కాదని కేంద్ర మంత్రిత్వశాఖ వివరణ ఇచ్చింది. నా ఉద్దేశంలో సెక్షన్ మొత్తానికి ప్రాణం ఆ వాక్యంలోనే ఉంది. దానినే సూచనగా మిగిల్చారు.

ఇందులో నన్ను చాలాకాలంగా ఇబ్బంది పెడుతున్న మెలిక ఒకటి ఉంది. బాధ్యతను లాభానికి ముడిపెట్టాం. లాభం వస్తే 2 శాతం, నష్టం వస్తే సున్నా. ఖాతాపుస్తకం రాసేవారికి ఇది న్యాయంగానే కనబడుతుంది, నేనూ ముప్పై ఏళ్లు వాణిజ్యశాస్త్రం చెప్పినవాణ్ణే. కానీ నష్టం వచ్చిన సంవత్సరం పొగగొట్టం పొగ వదలడం మానేస్తుందా? నష్టం వచ్చిన సంవత్సరం నిర్వాసితుడి పొలం నిర్వాసితుడికి తిరిగి వస్తుందా?

ఉక్కు కర్మాగారం సంగతే తీసుకుందాం. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో విశాఖకు ఉక్కు కర్మాగారం ప్రకటించారు. అంతకుముందు, 1966లో, "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అన్న నినాదం కోసం 32 మంది ప్రాణాలు ఇచ్చారు. కర్మాగారం కోసం 64 ఊళ్ల ప్రజలు భూములు వదులుకున్నారు, 16 వేలకు పైగా కుటుంబాలు. వారి చేతికి ఆర్-కార్డు అనే పునరావాస కార్డు ఇచ్చారు. గాజువాక, పెదగంట్యాడ వైపు వెళ్లి ఏ వృద్ధుణ్ణి పలకరించినా, ఆ కార్డును ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఇనప్పెట్టెలో బట్టల అడుగున దాచినది తీసి చూపిస్తాడు. మడతల దగ్గర చిరిగి, వెనుక టేపు అంటించి ఉంటుంది. ఆ కార్డు మీద తనకు ఉద్యోగం రాలేదు, కొడుకు వయసు దాటింది, ఇప్పుడు మనవడి కోసం దాస్తున్నాడు. చిత్రమేమిటంటే, అదే 1970 సెప్టెంబర్‌లో అమెరికాలో మిల్టన్ ఫ్రీడ్‌మన్ అనే ఆర్థికవేత్త న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఒక వ్యాసం రాసి, వ్యాపారానికి ఉన్న సామాజిక బాధ్యత లాభాలు పెంచుకోవడమేనని వాదించాడు. మన ప్రభుత్వరంగం అప్పటికి ఆ వాదానికి సరిగ్గా వ్యతిరేక దిశలో నడుస్తోంది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి, 1992 ఆగస్టు 1న నరసింహారావు ఈ కర్మాగారాన్ని జాతికి అంకితం చేసేనాటికి, దేశం ఆయన చేతుల మీదుగానే ఫ్రీడ్‌మన్ వైపు తిరిగింది.

సొంత ఇనుప గనులు లేక, బయట మార్కెట్లో ఖనిజం కొనుక్కుంటూ నడిచే ఈ కర్మాగారం, అంతర్జాతీయ ధరలు ఎక్కినప్పుడు ఎక్కి, దిగినప్పుడు దిగుతూ వచ్చింది. 2021 జనవరి 27న కేంద్రం దీనిలోని పెట్టుబడులు నూటికి నూరు శాతం ఉపసంహరించుకోవాలని సూత్రప్రాయంగా నిర్ణయించింది. అదే సంవత్సరం ఏప్రిల్ 22న, కోవిడ్ రెండో ఉధృతిలో, దేశంలోనే మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ ఇదే కర్మాగారంలో ఏడు ట్యాంకర్లు నింపుకుని మహారాష్ట్రకు బయలుదేరింది. జనవరిలో అమ్ముతామన్నదాని దగ్గరికే ఏప్రిల్‌లో ఊపిరి కోసం వెళ్లాం. ఆ ఆక్సిజన్ సీఎస్ఆర్ లెక్కలోకి రాదు, ఎందుకంటే అది ఆ సంస్థ మామూలుగా తయారుచేసేదే. చట్టం దృష్టిలో ఒక బడికి పది బెంచీలు ఇవ్వడం సామాజిక బాధ్యత, ఇది వ్యాపారం. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించింది, మంచిదే. ఆ వార్త వచ్చిన రోజున కూడా ఇనప్పెట్టెలోని కార్డు ఇనప్పెట్టెలోనే ఉంది.

ఇక 2 శాతం గురించి. ఈ అంకెను ఏదో మహా సాహసంగా చెప్పుకుంటాం గానీ, ఇంతకు పదింతలు పెద్ద అంకెను మన జిల్లా కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది. అనంతగిరి మండలం బొర్రా ప్రాంతంలో గిరిజన భూముల్లో ప్రైవేటు గనుల లీజుల మీద సమతా అనే సంస్థ వేసిన కేసులో 1997 జులై 11న తీర్పు వచ్చింది. రాజ్యాంగంలోని ఐదవ షెడ్యూలు కిందికి వచ్చే గిరిజన ప్రాంతంలో ప్రభుత్వ భూమిని గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వడం చెల్లదని మెజారిటీ తీర్పు. అందులోనే, అటువంటి ప్రాంతాల్లో పరిశ్రమ నడిపేవారు నికర లాభంలో కనీసం 20 శాతాన్ని శాశ్వత నిధిగా పక్కనపెట్టి నీటివసతి, బడి, ఆసుపత్రి, పారిశుద్ధ్యం, రోడ్డు ఏర్పాటు చేయాలని, ఆ ఖర్చు వ్యాపారంలో భాగమేనని న్యాయమూర్తులు రాశారు. వ్యాపారంలో భాగం అన్న ఆ మాటను నేను విద్యార్థులచేత రెండుసార్లు చదివించేవాణ్ణి. దానం అనలేదు, సేవ అనలేదు. కొండను తవ్వడానికి యంత్రం ఎంత అవసరమో, కొండ కింద ఉన్న ఊరికి బడి అంత అవసరం, రెండూ ఒకే ఖాతాలో రాయవలసిన ఖర్చులు అన్నారు. ఇన్ని కంపెనీలున్న ఉమ్మడి విశాఖ జిల్లా, 2018లో దేశంలోని వెనుకబడిన ఆకాంక్షిత జిల్లాల జాబితాలోకి మన్యం కారణంగా ఎక్కిందంటే, ఆ 20 శాతం మాట ఎంతవరకు నడిచిందో ఎవరికి వారు ఊహించుకోవచ్చు.

ప్రపంచీకరణ వల్ల చెడే జరిగిందని చెబితే అబద్ధం అవుతుంది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే ఆ పేరుతో పారిస్‌లో దుకాణం తెరిచారు. సంతలో దళారి చెప్పిన ధరకు గింజలు అమ్ముకున్న గిరిజన రైతుకు ఇది చిన్న మార్పు కాదు. అచ్యుతాపురంలో శ్రీలంక సంస్థ పెట్టిన దుస్తుల కర్మాగారాలకు చుట్టుపక్కల పల్లెల నుంచి తెల్లవారక ముందే బస్సుల్లో బయలుదేరే వేలాది ఆడపిల్లలను చూడండి. సొంత జీతం, సొంత బ్యాంకు ఖాతా, పెళ్లి ఇప్పుడే వద్దని ఇంట్లో చెప్పగలిగే నోరు వాళ్లకు వచ్చాయి. దీనిని తేలికగా తీసిపారేసేవారు ఆ పిల్లల తల్లులతో ఒకసారి మాట్లాడాలి. అదే అచ్యుతాపురంలోని ప్రత్యేక ఆర్థిక మండలిలో 2024 ఆగస్టు 21న ఒక మందుల కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో 17 మంది చనిపోయారు. జీతమూ నిజమే, ఆ చావులూ నిజమే. 2013 ఏప్రిల్ 24న ఢాకా పక్కన రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా దుస్తుల కార్మికులు చనిపోయిన సంవత్సరమే మన సీఎస్ఆర్ చట్టం పార్లమెంటు దాటింది. ఐరోపా, అమెరికా దుకాణాలకు బట్టలు కుట్టే ఆ భవనానికి పగుళ్లు వచ్చాయని ముందురోజే అందరికీ తెలుసు.

రొయ్యల సంగతి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది నేను దగ్గరగా చూసినది. ఇప్పుడు మన చెరువుల్లో పెరిగే వనామీ మన సముద్రానిది కాదు. మెక్సికో నుంచి పెరూ దాకా ఉన్న పసిఫిక్ తీరానిది. 2009లో కేంద్రం అనుమతి ఇచ్చాక ఇక్కడికి వచ్చింది. తల్లి రొయ్య విదేశాల నుంచి వస్తుంది, రొయ్య మన గోదావరి చెరువుల్లో పెరుగుతుంది, మన ప్లాంటుల్లో తల, తొక్క తీయించుకుని, గడ్డకట్టి, మన ఓడరేవు నుంచి ఎక్కువగా అమెరికాకు పోతుంది. ఆ ప్లాంటులో పనిచేసేవారిలో అత్యధికులు ఆడవాళ్లు. మా వీధి చివర నివసించే ఒకావిడ అక్కడికే వెళ్లేది. ఆవిడ చేతివేళ్ల చివర్లు ఎప్పుడూ నానినట్టు తెల్లగా, ముడతలు పడి ఉండేవి. రోజంతా ఐసు నీళ్లలో ఉన్న చేతులు కదా. టీ గ్లాసును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని, తాగకుండా చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చునేది. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద 50 శాతం సుంకం వేసింది. రైతు దగ్గర కౌంటు ధర, అంటే కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో చూసి ఇచ్చే ధర, పడింది, ప్లాంటుల్లో షిఫ్టులు తగ్గాయి. ఏమమ్మా పనికి వెళ్లడం లేదా అని అడిగితే ఆవిడ చెప్పిన మాట ఇది: "ఆ సుంకమేటో నాకు తెల్దు గానీ బాబూ, మా యీదికి బస్సు రావడం మానీసింది."

వాషింగ్టన్‌లో జరిగిన నిర్ణయం ఆవిడకు బస్సు రాకపోవడంగా తెలిసింది. ఆ పని ఇచ్చే సంస్థ సీఎస్ఆర్ కింద ఆవిడ వీధిలోని బడికి నోటు పుస్తకాలు పంచిందనుకోండి, అది 2 శాతం లెక్కలోకి వస్తుంది. ఆవిడ చేతులకు మంచి తొడుగులు కొనిస్తే రాదు, ఎందుకంటే సొంత ఉద్యోగులకు మాత్రమే మేలుచేసే ఖర్చును చట్టం సీఎస్ఆర్‌గా ఒప్పుకోదు. ఈ విషయంలో చట్టమే సరైనది. జీతం, భద్రత, తొడుగులు యజమాని కనీస ధర్మం, వాటిని పుణ్యం ఖాతాలో రాయనివ్వకూడదు. అయితే దీని ఫలితం ఎలా ఉందంటే, పుస్తకాల పంపిణీకి ఫోటోగ్రాఫర్ వస్తాడు, తొడుగులు ఇచ్చారో లేదో చూడడానికి ఎవరూ రారు. కంపెనీ ఊరికి మంచిదా చెడ్డదా అన్నది ఫోటోలు చూసి తేల్చుకోవడం మనకు అలవాటైపోయింది.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట, ఒక పారిశ్రామిక ప్రాంతం పక్కనున్న ఊళ్లో ఒక సంస్థ సీఎస్ఆర్ కింద పెట్టించిన ఆర్‌ఓ మంచినీటి ప్లాంటు మీద నివేదిక రాసే పని మా కళాశాలకు వచ్చింది. నేను పదిమంది విద్యార్థులను తీసుకుని వెళ్లాను. రోడ్డు పక్కన నీలం రంగు గది, దాని మీద మనిషెత్తు బోర్డు, సంస్థ గుర్తు, ప్రారంభించినవారి పేర్లు. మేము వెళ్లిన రోజున ప్లాంటు నడుస్తోంది. మేము వస్తున్నామని తెలిసి నడిపించారని ఆ తరవాత అర్థమైంది. నివేదికలో లబ్ధిదారుల సంఖ్య అనే గడి ఒకటి ఉండేది. ఎవరు ఎన్ని టిన్నులు పట్టుకుంటున్నారో లెక్కించే ఓపిక లేక, పంచాయతీ రికార్డులో ఉన్న ఊరి జనాభా మొత్తం ఆ గడిలో వేయమని నేనే చెప్పాను. పురిటిపిల్లలతో సహా అందరూ లబ్ధిదారులైపోయారు. కింద సంతకం నాది.

ఏడాది తిరిగాక వేరే పని మీద అటు వెళ్లినప్పుడు ఆగి చూశాను. తలుపుకు తాళం, తాళానికి తుప్పు. బోర్డుకు మాత్రం కొత్తగా రంగు వేశారు. అరుగు మీద కూర్చున్న ముసలామె నన్ను గుర్తుపట్టిందో లేదో గానీ, "పేరు బాగానే రాసినారు బాబూ, నీల్లే నేవు" అన్నది. అడిగితే కారణం చాలా మామూలుది. ప్లాంటు కట్టి పంచాయతీకి అప్పగించారు. కరెంటు బిల్లు పంచాయతీది. నీటిని వడగట్టే మెంబ్రేను కొంతకాలానికి పాడవుతుంది, కొత్తది కొనాలి. దానికి పంచాయతీ దగ్గర పద్దు లేదు, కంపెనీ దగ్గర ఆ ఏడాదికి వేరే ప్రాజెక్టు ఉంది. ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ డబ్బు తినలేదు. కంపెనీ కాగితాల్లో ఆ ప్లాంటు పూర్తయిన ప్రాజెక్టు, మా కాగితాల్లో విజయవంతమైన ప్రాజెక్టు. ఆ ఊరి బోరుబావి నీళ్లు తాగడానికి ఎందుకు పనికిరాకుండా పోయాయన్న ప్రశ్న మాత్రం మా ప్రశ్నావళిలోనే లేదు. ఉండి ఉంటే ఆ నివేదిక మమ్మల్ని రాయమనేవారు కాదేమో.

ఆ రోజు ఆలోచించినది ఇది: నేను రాసిన నివేదిక ఎవరు చదివారు? కంపెనీ సీఎస్ఆర్ కమిటీ చదివింది. బోర్డు చదివింది. వార్షిక నివేదికలో ఒక వరుసగా వాటాదారులకు వెళ్లింది. వెబ్‌సైటులో ఇంగ్లిషులో పెట్టారు. ఆ అరుగు మీద కూర్చున్న ముసలామెకు మాత్రం ఎవరూ చదివి వినిపించలేదు. వినిపించి ఉంటే, లబ్ధిదారుల గడి దగ్గరే నన్ను ఆపేసేది.

ఇందుకు మందు మనం బయటినుంచి తెచ్చుకోనక్కరలేదు. ఉపాధి హామీ పథకం మొదలైన 2006 నుంచి, దేశంలో అందరికంటే ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సామాజిక తనిఖీని పద్ధతిగా నడిపింది. ఊరి కుర్రాళ్లే మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, పట్టుకుని ఇంటింటికీ తిరిగి, నీ పేరు మీద ఇన్ని రోజుల కూలి రాశారు, నీకు ముట్టిందా అని అడిగేవారు. ఆ తరవాత గ్రామసభలో, మండల కేంద్రంలో ప్రజావేదిక దగ్గర, అధికారుల ఎదుట మైకులో చదివేవారు. చనిపోయినవాళ్లు చెరువు తవ్వినట్టు రాసిన మస్టర్లు అలాగే బయటపడ్డాయి. ఆ పద్ధతిలో లోపాలు లేవని అనను, ఒత్తిళ్లు ఉన్నాయి, రికవరీలు నత్తనడక. అయినా కూలి చేసే మనిషి లెక్క అడగవచ్చునని, అధికారి జవాబు చెప్పవలసి వస్తుందని పల్లెకు తెలిసింది. అదే సీఎస్ఆర్‌కు ఎందుకు చేయకూడదు? 10 కోట్లు, అంతకు మించి సీఎస్ఆర్ బాధ్యత ఉన్న కంపెనీలు తమ పెద్ద ప్రాజెక్టులకు ప్రభావ మదింపు చేయించాలని 2021 నిబంధన ఉంది. ఆ మదింపు నివేదికను తెలుగులో, ఆ ఊరి గ్రామసభలో లేదా నగరంలో వార్డు సచివాలయం ముందు, సంస్థ బాధ్యుడు నిలబడి చదవాలని ఒక్క వాక్యం చేర్చడానికి పెద్ద శాస్త్రం అక్కరలేదు.

ఇక్కడ కూర్చున్న కంపెనీ మిత్రులు ఒకరు టీ సమయంలో నాతో, అలా చేస్తే రాజకీయాలు చొరబడతాయి, ప్రతి సర్పంచీ తన వీధికి సిమెంటు రోడ్డు అడుగుతాడు అన్నారు. అడుగుతాడు, నిజమే. ఇప్పుడు అడగడం లేదా? గెస్టుహౌసులో అడుగుతున్నాడు. గ్రామసభలో అడిగితే పక్క వీధివాళ్లు వింటారు, అంతే తేడా. ఇంకొకరు, మా సంస్థ స్వచ్ఛందంగా 2 శాతం కంటే ఎక్కువే ఇస్తోంది, మమ్మల్ని బోనులో నిలబెడతారా అన్నారు. దానికి మన ఊళ్లోనే జవాబుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి జయపురం మహారాజు విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయలు శాశ్వతంగా ఇస్తానని రాసి ఇచ్చారు; అది నిజమైన దానం, దానికి మనం చేతులెత్తి నమస్కరిస్తాం. ఆయన మన గాలిలోకి ఏదీ వదలలేదు, మన బోర్లలోకి ఏదీ దింపలేదు. దాతను లెక్క అడగడం మర్యాద కాదు. పక్కింట్లో ఉండి, మన బావిలో తోడుకుని, మన దొడ్డి మీదుగా నడిచే మనిషి దాత కాడు, ఇరుగు. ఇరుగుపొరుగు మధ్య రోజూ మాటలుండాలి.

2025 అక్టోబర్ 14న గూగుల్ సంస్థ విశాఖలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో డేటా సెంటర్ కేంద్రం పెడతానని ప్రకటించింది. సముద్రం అడుగున కేబుళ్లు మన తీరానికి చేరతాయి. నేను దానికి వ్యతిరేకిని కాను; మా మనవరాలు ఇంజినీరింగ్ చదువుతోంది, ఆమె బెంగళూరు వెళ్లకుండా ఇక్కడే ఉండిపోతే నాకంటే సంతోషించేవారు ఉండరు. డేటా సెంటరుకు కరెంటు చాలా కావాలి, యంత్రాలను చల్లబరచడానికి వాడే పద్ధతిని బట్టి నీరూ కావాలి, కట్టడం అయిపోయాక నడపడానికి మనుషులు తక్కువ చాలు. కాబట్టి భూమిపూజ రోజున వాళ్లను పార్కు కట్టమనో బస్‌షెల్టరు వేయమనో అడగకండి. నీళ్లు ఏ జలాశయం నుంచి, ఎండాకాలంలో రోజుకు ఎన్ని, నగరానికి కోత పడిన రోజున మీకూ కోత ఉంటుందా అని అడగండి. ఆ లెక్క నెలనెలా మన భాషలో మన కార్పొరేషన్ గోడ మీద పెడతారా అని అడగండి. పార్కు ఎలాగూ వస్తుంది.

నాకిచ్చిన సమయం దాటింది, అధ్యక్షులవారు రెండుసార్లు గడియారం చూశారు. ప్రశ్నలకు వెళ్లే ముందు చిన్న మాట. నేను చెప్పిన ఆ మంచినీటి ప్లాంటు నివేదిక ప్రతిని వెంట తెచ్చాను, ఇదిగో, ఈ బల్ల మీద పెడుతున్నాను. కంపెనీ పేరు, ఊరి పేరు నల్లసిరాతో కొట్టేశాను. లబ్ధిదారుల గడిలోని అంకెను, కింద నా సంతకాన్ని అలాగే ఉంచాను. చూడదలచినవారు ముందుకు వచ్చి చూడవచ్చు. మొదటి ప్రశ్న వెనుక వరుసలోని యూనిఫారం వేసుకున్న అమ్మాయి అడుగుతుందట, మైకు ఆమెకు ఇవ్వండి.